3 కిలోవాట్లా, 5 కిలోవాట్లా? మా ఇంటి సోలార్ కొటేషన్లు చూసి చెప్పండి

మొగల్రాజపురం డాబా

అందరికీ నమస్కారం. విజయవాడలో సొంతిల్లు, కింద అద్దెకిచ్చాం, పైన మేముంటాం. మీటర్లు వేరు. మా వాటాలో రెండు ఏసీలు, గీజరు, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, బోరు మోటారు. ఏడాది బిల్లులన్నీ ముందేసుకుని కూడితే 4,560 యూనిట్లు తేలింది. నెలకు సగటున 380. జనవరిలో 210 దాటలేదు, మేలో 640.

మూడు కొటేషన్లు వచ్చాయి.

మొదటాయన: 3 కిలోవాట్లు, 1,92,000, అన్నీ కలిపి.
రెండో ఆయన: 3 కిలోవాట్లు, 1,68,000. "ఇంతకంటే తక్కువకి బెజవాడలో ఎవరన్నా ఇస్తే నేను ఫ్రీగా బిగిస్తా సార్" అన్నాడు.
మూడో ఆయన: 5 కిలోవాట్లు, 2,90,000. మేలో 640 కాలుస్తుంటే మూడు ఏ మూలకి అంటాడు.

కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం సబ్సిడీ ఎటూ 78 వేలే కదా, వేసేదేదో ఒకేసారి పెద్దది వేసేయనా? ఇంకో రెండు సమస్యలున్నాయి. డాబా మీద ఈశాన్యంలో బరువు పెట్టనివ్వనని మా నాన్నగారు. ఎండ తగలకపోతే వడియాలెక్కడ పెట్టుకోవాలని మా అమ్మ.

లెక్కల మాష్టారు

బాబూ, ఏడాది బిల్లులు కూడి వచ్చావు, సంతోషం. చాలామంది మే నెల బిల్లొక్కటే పట్టుకొస్తారు. మూడో ఆయన నీకు చేస్తున్నదీ అదే. నెట్ మీటరులో (గ్రిడ్డుకి పంపింది, గ్రిడ్డు నుంచి వాడింది తేడా లెక్కకట్టే మీటరు) ఈ నెల మిగిలిన యూనిట్లు తర్వాతి బిల్లుకు జమవుతాయి కాబట్టి సైజుకి ఏడాది మొత్తం చూడాలి, ఒక్క నెల కాదు.

మన వైపు 1 కిలోవాట్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది, అంటే నెలకు 120. ఇప్పుడు అసలు సంగతి. ఏపీ గృహ శ్లాబులు చూడు: 30 యూనిట్ల దాకా 1.90, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00, 400 దాకా 8.75, ఆపైన 9.75. సోలార్ నీ యూనిట్లను పైనుంచి కోసుకుంటూ వస్తుంది. మొదటి కిలోవాట్ కోసేది ఖరీదైన యూనిట్లను, ఆఖరిది కోసేది చవక యూనిట్లను.

నీ 380 యూనిట్ల మీద ఒక్కొక్క కిలోవాటూ నెలకు మిగిల్చేది ఇదీ (ఫిక్స్‌డ్ చార్జీ, సర్దుబాటు చార్జీలు పక్కనపెట్టాను):

మొదటిది: 380 నుంచి 260కి. అన్నీ 8.75 యూనిట్లే. రూ. 1,050.
రెండోది: 260 నుంచి 140కి. 35 యూనిట్లు 8.75 చొప్పున, 85 యూనిట్లు 6 చొప్పున. రూ. 816.
మూడోది: 140 నుంచి 20కి. రూ. 469.
నాలుగోది: మిగిలింది 20 యూనిట్లు, అవీ 1.90వి. రూ. 38. ఆపైన పండేదంతా గ్రిడ్డుకి దాదాపు దానమే.

కిలోవాట్ 60 వేలనుకుందాం. సబ్సిడీ మొదటి రెండింటికీ తలా 30 వేలు, మూడోదానికి 18 వేలు, ఆ తర్వాత సున్నా. చేతి నుంచి పడేది వరుసగా 30 వేలు, 30 వేలు, 42 వేలు, 60 వేలు. మొదటిది రెండున్నరేళ్ళలోపు, రెండోది మూడేళ్ళకి, మూడోది ఏడున్నరేళ్ళకి తిరిగొస్తాయి. నాలుగోది నీ మనవడు లెక్క చూసుకోవాలి. ఐదోది అడక్కు.

కూకట్‌పల్లి కుర్రోడు

మాష్టారూ లెక్క సూపర్, కానీ ఇయ్యాల్టి 380 ఎప్పటికీ 380 ఉంటదా? మా ఇంట్ల రెండేళ్ళ కింద ఒక ఏసీ, ఇప్పుడు మూడు. ఎలక్ట్రిక్ స్కూటర్ వచ్చింది. రేపు కారు వస్తది. ఒకసారి వేసినంక మళ్ళా పెంచాలంటే పెద్ద పంచాయతీ.

ఇంకోటి, తెలంగాణల శ్లాబులు వేరే. నెలకు 200 దాటితే మొదటి యూనిట్ నుంచే 5.10 పడతది. 200 యూనిట్లకు 820 అయితే, 201కి 1,027. ఆ గీత కిందికి దిగుడే మా దగ్గర అసలు లాభం. 380 వాడేటోనికి చార్జీలు 2,510. 2 కిలోవాట్లు పెడితే నెట్ 140, బిల్లు 532. మూడోది పెడితే ఇంకో 493 తగ్గుతది అంతే. అంటే మీ లెక్క మా దగ్గర కూడా నిలబడతది, కాకపోతే రెండోదాని దగ్గర్నే కథ మస్తు మారిపోతది.

గృహజ్యోతి కింద 200 యూనిట్లు ఫ్రీగా వస్తున్నోళ్ళు సోలార్ జోలికి పోవుడు దండగ. జీరో బిల్లును ఏం తగ్గిస్తరు?

ఎర్త్‌పిట్

నేను ఈ పనిలోనే ఉన్నాను, కానీ మాది శ్రీకాకుళం వైపు, కాబట్టి డాబా గారికి అమ్మే ఉద్దేశం లేదు.

కుర్రోడు చెప్పినదాంట్లో నిజం ఉంది. దానికి 5 కిలోవాట్లు ఇప్పుడే వెయ్యక్కర్లేదు. ఇన్వర్టర్ (ప్యానెళ్ళ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) 5 కిలోవాట్లది పెట్టుకుని, ప్యానెళ్ళు మూడు కిలోవాట్లకి సరిపడా వేసుకుని, డాబా మీద జాగా వదులుకోవచ్చు. అయితే తర్వాత ప్యానెళ్ళు కలిపేటప్పుడు డిస్కమ్‌కి (కరెంటు పంపిణీ సంస్థకి) చెప్పే కలపాలి.

డాబా గారూ, ధర చూసి పోల్చకండి. మూడు కొటేషన్లలో నాలుగు విషయాలు పెట్టండి: ప్యానెళ్ళు ఎన్ని, ఒక్కోటి ఎన్ని వాట్లు, డీసీఆర్ (దేశంలోనే తయారైన ప్యానెల్) అని రాశాడా లేదా, జీఎస్టీ కలిసిందా లేదా.

మొగల్రాజపురం డాబా

ఇప్పుడే కాగితాలు తీశాను.

మొదటాయన: 550 వాట్లవి 6, డీసీఆర్, 3 కిలోవాట్ ఇన్వర్టర్, జీఎస్టీతో సహా.
రెండో ఆయన: 540 వాట్లవి 5, డీసీఆర్, 3 కిలోవాట్ ఇన్వర్టర్. జీఎస్టీ గురించి కింద సన్నక్షరాల్లో "పన్నులు అదనం" అని ఉంది. ఇది నేను చూడనే లేదు.
మూడో ఆయన: 590 వాట్లవి 9. డీసీఆర్ మాటే లేదు.

ఎర్త్‌పిట్

అదీ సంగతి. రెండో ఆయనది 3 కిలోవాట్లు కాదు, 2.7. సబ్సిడీ లెక్కకి ప్యానెళ్ళ మొత్తం, ఇన్వర్టర్ సామర్థ్యం రెండింట్లో ఏది తక్కువో అదే తీసుకుంటారు. 2.7కి 60,000 ప్లస్ 12,600, మొత్తం 72,600. మీరు 78 వేలు వస్తాయని కూర్చుంటారు, 5,400 తగ్గుతుంది.

పన్ను కలపండి. సోలార్ బిగింపులో 70 శాతం సరుకుగా, 30 శాతం పనిగా లెక్క. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు మీద 12 పోయి 5 శాతం అయింది, పని మీద 18 అలాగే ఉంది. కలిపితే 8.9 శాతం. ఆయన 1,68,000 కాస్తా దాదాపు 1,83,000. వాటుకి 68 రూపాయలు పడుతోంది. మొదటాయన 3,300 వాట్లకి 1,92,000, అంటే వాటుకి 58. ఏది చవక?

పాత కొటేషన్ పట్టుకుని ఇంకా 13.8 శాతం వేస్తున్నవాళ్ళు కూడా ఉన్నారు. అడిగితే తగ్గిస్తారు, అడక్కపోతే లేదు.

మూడో ఆయనది డీసీఆర్ కాకపోతే సబ్సిడీ మొత్తానికే పోతుంది. డీసీఆర్ అంటే ప్యానెల్ ఒక్కటే కాదు, లోపలి సెల్ కూడా ఇక్కడే తయారవ్వాలి. అందుకే కొంచెం ప్రియం. హైదరాబాదులో ప్రీమియర్ ఎనర్జీస్ లాంటివాళ్ళు సెల్స్ కూడా చేస్తున్నారు, కాబట్టి సరుకు దొరకదనే మాట నమ్మకండి.

సీమ మిద్దె

మాది అనంతపురం. అన్నా, మా పక్క ఎండకేం కరువు లేదు కదా, మేలో మీటరు గిరగిరా తిరుగుతాదనుకుంటిమి. తీరా చూస్తే మార్చిలో వచ్చినంత కూడా రాలే. బిగించినాయన్ని అడిగితే నీళ్ళు నమిలినాడు. ప్యానెల్ ఏమన్నా దెబ్బతినిందా?

ఎర్త్‌పిట్

దెబ్బతినలేదండీ. ప్యానెల్ మీద రాసిన వాట్లు సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటివి. మే మధ్యాహ్నం సెల్ 65 డిగ్రీలు పట్టుకుంటుంది. ఒక్కో డిగ్రీకి మోనో పెర్క్ రకం ప్యానెల్ అయితే 0.35 శాతం, టాప్‌కాన్ అయితే 0.30 చొప్పున పడిపోతుంది. నలభై డిగ్రీలకి 12 నుంచి 14 శాతం గాలికి. దానికి కావలసింది వెలుతురు, వేడి కాదు. అందుకే ప్యానెల్ కింద గాలి ఆడాలి, రేకుకి అంటించినట్టు బిగించకూడదు. మీకు బాగా వచ్చేది ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్. ముసురు పట్టిన జూలై, ఆగస్టుల్లో ఇంకా తక్కువ చూస్తారు, కంగారుపడకండి.

సీమ మిద్దె

సరే. ఇంకో మాట మా పక్కోళ్ళ కోసం చెప్తా. కడగడానికి బోరు నీళ్ళు వాడొద్దండి. మా నీళ్ళల్లో ఉప్పు. ఆరినాక అద్దం మీద తెల్లటి చారలు పడతాయి, గీకినా పోవు. మేం వాననీళ్ళు డ్రమ్ముకి పట్టుకుని, పొద్దున్నే ఎండెక్కకముందు మాపుతో తుడుస్తాం. కాలిన అద్దం మీద చన్నీళ్ళు పోస్తే పగిలే ప్రమాదం కూడా ఉందంట.

న్యూజెర్సీ నాని

తెనాలిలో అమ్మానాన్నలకి పెట్టించాలనుకుంటున్నాను. కరెంటు కనెక్షన్ ఇంకా మా తాతగారి పేరు మీదే ఉంది. ఆయన పోయి చాలా కాలమైంది. అయినా అప్లై చెయ్యొచ్చా? ఇంకో డౌట్, కరెంటు పోయినప్పుడు కూడా సోలార్ మీద ఇల్లు నడుస్తుందా?

లెక్కల మాష్టారు

నానీ, ముందు పేరు మార్పించు. బిల్లు మీద పేరు, దరఖాస్తు చేసే మనిషి పేరు, సబ్సిడీ పడాల్సిన బ్యాంకు ఖాతా పేరు ఒక్కటే ఉండాలి. బిల్లు ఒక తరానిది, ఖాతా ఇంకో తరానిది అయితే అక్కడే ఆగుతుంది. వారసత్వ కాగితాలతో డిస్కమ్ ఆఫీసులో నాన్నగారి పేరుకి మార్పించాకే పోర్టల్‌కి వెళ్ళు.

రెండోదానికి ఎర్త్‌పిట్ చెప్తాడు.

ఎర్త్‌పిట్

నడవదండీ. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ లైను పోగానే తనంతట తాను ఆగిపోతుంది. ఆగాలి కూడా. లేకపోతే స్తంభం ఎక్కి పనిచేసే లైన్‌మన్‌కి మీ ఇంటి కరెంటు తగులుతుంది. కోత సమయంలో కూడా కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, లిథియం బ్యాటరీ పెట్టుకోవాలి. బ్యాటరీకి సబ్సిడీ లేదు, ఖర్చు ఎక్కడికో పోతుంది. తెనాలిలో కోత గంటో అరగంటో అయితే ఇంట్లో ఉన్న పాత ఇన్వర్టర్, ట్యూబులర్ బ్యాటరీ చాలు. ఫ్యానూ లైటూ దాని మీద నడుస్తాయి.

కూకట్‌పల్లి కుర్రోడు

కానీ మా అపార్ట్‌మెంటుల లిఫ్టుకి జనరేటర్ డీజిల్‌కే మస్తు పోతున్నయి, హైబ్రిడ్‌ని గట్ల కొట్టిపారేయకండి అన్నా.

ఎర్త్‌పిట్

అపార్ట్‌మెంటు లెక్క వేరు బ్రదర్, కామన్ ఏరియాకి సబ్సిడీ కిలోవాట్‌కి 18 వేలు. దానికి వేరే టాపిక్ తెరువు, అక్కడ మాట్లాడుకుందాం. ఇక్కడ డాబా గారి వడియాలు ఎండాలి ముందు.

మొగల్రాజపురం డాబా

హహ, అవును. నీడ సంగతి చెప్పండి. మాది తూర్పు ఫేసింగు. నైరుతిలో వాటర్ ట్యాంకు ఉంది, డాబా మీద నుంచి చూస్తే ఎనిమిది అడుగుల ఎత్తు. మొదటాయన ప్యానెళ్ళు మధ్యలో, కొంచెం ఈశాన్యం వైపు గీశాడు. నాన్నగారి గొడవంతా అక్కడే.

లెక్కల మాష్టారు

వాస్తు పక్కనపెట్టు, సూర్యుడు కూడా మీ నాన్నగారి పక్షమే.

డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. విజయవాడ అక్షాంశం 16.5. డిసెంబరు 21న మధ్యాహ్నం మూడింటికి ఎండ సుమారు 30 డిగ్రీల ఎత్తునుంచి పడుతుంది. ఎనిమిది అడుగుల ట్యాంకు నీడ పదమూడున్నర అడుగులు సాగుతుంది. ఎటు? సూర్యుడు నైరుతిలో ఉంటాడు కాబట్టి నీడ సరిగ్గా ఈశాన్యానికి. అంటే ఆ మొదటాయన గీసిన చోటికి. ప్యానెళ్ళన్నీ ఒకే వరుసలో కలిపి ఉంటాయి, ఒక మూల నీడపడ్డా రాబడి తగ్గుతుంది.

ఆగ్నేయానికి జరుపు. చలికాలం పొద్దున నీడ వాయవ్యానికి పోతుంది, సాయంత్రం ఈశాన్యానికి పోతుంది, ఆగ్నేయం జోలికి రాదు. జూన్‌లో మాత్రం సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరానికి వెళ్తాడు, సాయంత్రం నీడ తూర్పు ఆగ్నేయంగా తిరుగుతుంది. ట్యాంకుకి ఇరవై అడుగులు దూరం ఉంటే సాయంత్రం ఐదు దాకా తగలదు. ఐదు తర్వాత వచ్చేదీ పెద్దగా ఉండదు.

ఆగ్నేయం అగ్నిస్థానం అని నాన్నగారికి చెప్పు. కాదనరు.

విశాఖ గాలి

ఇన్ని పోస్టుల్లో స్ట్రక్చర్ గురించి ఎవరూ మాట్లాడలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మా వీధిలో వాటర్ హీటర్ల ప్యానెళ్ళని ఎక్కడెక్కడికి విసిరిందో చూసినవాళ్ళం. బెజవాడకీ విశాఖకీ గాలి లెక్క ఒకటే. ఇండియన్ స్టాండర్డ్ 875 ప్రకారం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. హైదరాబాదుకి 44. హైదరాబాదు డిజైనుని కోస్తాలో దింపేసేవాళ్ళున్నారు.

వడియాల కోసం ఎత్తు స్ట్రక్చర్ అడుగుతారు కాబట్టి చెప్తున్నాను: ఎత్తు పెంచేకొద్దీ గాలి కిందినుంచి పైకి ఎత్తుతుంది. ఏడడుగులు లేపితే కాళ్ళు స్లాబు మీద ఉత్తి యాంకర్ బోల్టులతో వదిలెయ్యకూడదు. కాంక్రీటు దిమ్మలు కట్టించాలి, లేదా పిట్టగోడ కింద బీములోకి కెమికల్ యాంకర్ (రసాయన జిగురుతో పట్టే బోల్టు) వేయించాలి. ఐరను హాట్‌డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచింది) అయ్యుండాలి, వెల్డింగు చేసి పైన వెండిరంగు పూసింది కాదు. మా బంధువులింట్లో వెల్డింగు అతుకుల దగ్గర రెండో వానాకాలానికే తుప్పు కారింది. బిగించినవాళ్ళకి ఫోన్ చేస్తే పెయింటు డబ్బా కొనుక్కోమన్నారు.

ఎర్త్‌పిట్

విశాఖ గాలి గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు. బరువు గురించి భయం అక్కర్లేదు. ఒక్కో ప్యానెల్ ఏడున్నర అడుగుల పొడవు, 28 కిలోలు. ఆరింటికి 170 కిలోలు లోపు, ఐరను కలిపినా నిండిన వాటర్ ట్యాంకు ముందు ఏమాత్రం? కోస్తాలో భయం బరువు గురించి కాదు, ఎగిరిపోవడం గురించి.

ఎర్తింగ్ కూడా చూసుకోండి. డీసీకి (ప్యానెళ్ళ వైపు) ఒకటి, ఏసీకి (ఇంటి కరెంటు వైపు) ఒకటి, పిడుగు నిరోధకానికి ఒకటి, మూడు గుంతలు వేరువేరుగా ఉండాలి. మూడు తీగలూ ఒకే గుంతలో ముంచి మట్టి కప్పేస్తే బయటికి ఎవరికీ తెలియదు. గుంతలు తవ్వే రోజు మీరు అక్కడ ఉండండి.

న్యూజెర్సీ నాని

లోన్ సంగతి? నాన్నగారు రిటైరయ్యారు, డిపాజిట్లు కదిపే ఆలోచన లేదు.

లెక్కల మాష్టారు

3 కిలోవాట్ల దాకా ప్రభుత్వ బ్యాంకులు తనఖా లేకుండా 2 లక్షల వరకు ఇస్తున్నాయి. వడ్డీ రిజర్వు బ్యాంకు రెపో రేటుకి అర శాతం పైన. లక్షకి పదేళ్ళ కిస్తు నెలకి 1,100 చుట్టుపక్కల పడుతుంది. బిల్లులో తగ్గేది అంతకంటే ఎక్కువ ఉంటేనే తీసుకోమను. మీ ఇంట్లో ఇద్దరే, 150 యూనిట్లే అయితే నేనొద్దంటాను. 150 యూనిట్లకి ఏపీలో 567 రూపాయలే చార్జీ. దానికోసం అప్పెందుకు? మరీ మోజుంటే 1 కిలోవాట్ వేయించు.

న్యూజెర్సీ నాని

180 దాకా వస్తుందండీ, ఒక ఏసీ ఉంది. అయితే 1 కిలోవాట్ సరిపోతుందంటారా? కొటేషన్ ఇచ్చినాయన మూడు కంటే తక్కువ చెయ్యనన్నాడు.

ఎర్త్‌పిట్

చిన్న సైజు మీద మాకు మిగిలేది తక్కువ, అందుకే చెయ్యం అంటారు. కిలోవాట్ ధర కూడా చిన్నవాటికి ఎక్కువే పడుతుంది. ఇన్వర్టర్, ఎర్తింగ్, మనుషుల కూలీ అంతే ఉంటాయి కదా. 180కి నేనైతే 1.5 లేదా 2 చూస్తాను. ఇంకో ఇద్దరిని అడగండి.

మొగల్రాజపురం డాబా

నా సంగతి తేలింది. మొదటాయన్నే మళ్ళీ పిలిచాను. ప్యానెళ్ళు ఆగ్నేయానికి జరిపించాను. డాబా కొలిచి చూస్తే ట్యాంకుకి ఇరవై రెండు అడుగుల దూరం వచ్చింది. 550 వాట్లవి 6, డీసీఆర్, ఏడడుగుల ఎత్తు స్ట్రక్చర్, కాంక్రీటు దిమ్మలు, మూడు ఎర్త్ గుంతలు. 2,04,000కి ఒప్పుకున్నాడు. స్ట్రక్చర్ ఎత్తుకే 12 వేలు పెరిగింది. 5 కిలోవాట్ ఇన్వర్టర్ అడిగితే ఇంకో 14 వేలన్నాడు, వద్దనుకున్నాను. సబ్సిడీ పోను 1,26,000. మాష్టారి లెక్కన నెలకి 2,335 మిగిలితే నాలుగున్నరేళ్ళు.

ఆగ్నేయం అనగానే నాన్నగారు ఒప్పుకున్నారు. అమ్మే ఇంకా, ప్యానెళ్ళ కింద నీడ పడితే గుమ్మడి వడియాలకి వాసనొస్తుందంటోంది. పడమర సగం ఆవిడకి రాసిచ్చేశాను.

అడ్వాన్సు ఎంత ఇవ్వచ్చు?

ఎర్త్‌పిట్

మూడోవంతు చాలు. మిగతాది సరుకు డాబా మీదికి ఎక్కాక కొంత, నెట్ మీటరు తిరిగాక ఆఖరి పది శాతం. ఆ పది శాతం దగ్గర పెట్టుకోండి. 10 కిలోవాట్ల లోపు అయితే సాంకేతిక పరిశీలన అక్కర్లేదని 2024లోనే నిబంధన మార్చారు, అయినా మీటరు కోసం ఆఫీసు చుట్టూ తిరగాల్సింది వెండరే. డబ్బంతా చేతిలో పడితే ఎందుకు తిరుగుతాడు?

ప్యానెళ్ళు దిగగానే వెనక స్టిక్కరు మీద సీరియల్ నంబర్లు ఫొటోలు తీసుకోండి. పైకి బిగించాక ఏడడుగుల ఎత్తున మెడ విరుచుకుని చూడాల్సొస్తుంది. అయిదేళ్ళ మెయింటెనెన్సు పథకంలోనే ఉంది, దానికి విడిగా డబ్బడిగితే ఇవ్వకండి.

విశాఖ గాలి

దిమ్మలు పోశాక కనీసం వారం తడపమనండి. మర్నాడే ఐరను ఎక్కించనివ్వకండి.